మన నేల పటం మనకే అమ్ముతారా?

(భూమి హక్కుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పటాల గురించి మాట్లాడమన్నారు. "పటాలేందయ్యా, భూమి సంగతి చెప్పు" అని ముందు వరసలో పెద్దమ్మ అంటోంది. పెద్దమ్మా, భూమి సంగతే చెబుతున్నా. ఈ రోజుల్లో భూమి రెండు చోట్ల ఉంటోంది. ఒకటి మన కాళ్ళ కింద. రెండోది ఆఫీసు కంప్యూటర్లో. తగాదా వచ్చిన రోజున కాళ్ళ కింద నేలని ఎవరూ అడగరు. కంప్యూటర్లో గీత ఎక్కడుందని అడుగుతారు. ఆ గీత చూడాలంటే మన దగ్గర డబ్బులు అడుగుతున్నారు. ఈ పూట నేను మాట్లాడేది ఆ డబ్బుల గురించే.

మా నాయన సర్వే గొలుసు మోసినోడు. 66 అడుగుల గొలుసు, 100 లింకులు. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే ఎకరం. చదువు రాకపోయినా ఈ లెక్క ఆయనకి నోటికొచ్చు. ఎండలో గొలుసు ఈడ్చింది, కంపలో దూరి జెండా పాతింది, హద్దురాయి భుజాన మోసింది ఆయన. చెట్టు నీడన కూర్చొని పుస్తకంలో రాసుకున్నది సర్వేయరు. ఆ పుస్తకాన్నే ఎఫ్.ఎం.బి. అంటారు. తెలంగాణలో టిప్పన్ అంటారు. ఊళ్ళో ప్రతి చేను కొలతా అందులో ఉంటుంది. మా నాయన చచ్చేదాకా ఆ పుస్తకంలో ఒక్క పేజీ చూడలేదు.

మా అమ్మకి డి-పట్టా కింద ఎకరం ఇరవై సెంట్లు వచ్చింది. పక్క చేను ఆసామి ఏటా గట్టు కొంచెం చెక్కి ఒక చాలు లోపలికి దున్నేవాడు. పదేళ్ళకి ఎంత పోయిందో రైతు కూలీలు మీకు నేను చెప్పక్కర్లేదు. మా అమ్మ ఆఫీసుకి పోయి "అయ్యా, నా చేను పటం నకలు ఇవ్వండి" అంది. ఫీజు కట్టి చలానా తెమ్మన్నారు. కట్టి తెస్తే ఈ పద్దు కింద కాదు, ఇంకో పద్దు కింద కట్టాలన్నారు. మూడోసారి పోతే గుమాస్తా లేడు. మూడు రోజుల కూలి పోయింది, బస్సు చార్జీలు పోయినయి. ఆసామి తన మనిషిని పంపించి అదే పటం సాయంత్రానికి తెప్పించుకున్నాడు. ఫీజు ఇద్దరికీ ఒక్కటే. ఆయనకి అది చుట్టల ఖర్చు, మా అమ్మకి ఇంట్లో పొయ్యి వెలిగే ఖర్చు.

మీలో ఎంతమంది మీ చేను పటం కళ్ళతో చూశారు? చేతులెత్తండి. చూశారుగా, రెండు చేతులు కూడా లేవలేదు.

ఈ పటాల చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఈస్టిండియా కంపెనీ కోసం పుట్టింది. 1802లో లాంబ్టన్ అనే దొర మద్రాసులో మొదలుపెట్టి దేశాన్ని త్రిభుజాలుగా కొలిచాడు. సైన్యం నడవటానికి, శిస్తు వసూలు చేయటానికి ఆ పటాలు కావాలి. పుస్తకాల్లో దొర పేరు ఉంది. గొలుసులు, సామాన్లు మోసిన కూలీల పేర్లు లేవు. పటం పుట్టిందే పై వాడు కింద వాణ్ణి చూడటానికి. కింద వాడు కూడా దాన్ని చూడొచ్చని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు దొరలు లేరు. గొలుసు పోయి డ్రోన్ వచ్చింది. ఊరి నివాస స్థలాలకు 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ పథకం మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలుపెట్టారు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ప్రభుత్వాలు మారినయి, పథకాల పేర్లు మారినయి. కొలిచిన ఖర్చు మాత్రం ప్రతిసారీ ప్రజల డబ్బే. మనం కొనే సబ్బు బిళ్ళ మీద కట్టిన పన్ను అందులో ఉంది.

2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం పటాల సమాచారం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రజల డబ్బుతో తయారైన సమాచారం అందరికీ సులభంగా దొరకాలంది. మంచి మాట. దాని వెంటనే ఇంకో మాట ఉంది. ప్రభుత్వ శాఖలకు ఉచితం, మిగతావాళ్ళకు న్యాయమైన, పారదర్శకమైన ధర. ఈ "మిగతావాళ్ళు" ఎవరు? వందల ఎకరాలు కొనే కంపెనీ మిగతావాడే. ఎకరం ఇరవై సెంట్ల మా అమ్మా మిగతాదే. ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టి ఒకే ధర చెబితే అది న్యాయమైన ధర ఎట్లా అవుద్ది? 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ విధానం ఇంకో అడుగు ముందుకేసి సర్వే ఆఫ్ ఇండియా సమాచారాన్ని అందరి ఉమ్మడి సొత్తుగా చూడాలంది. ఉమ్మడి సొత్తు అన్నాక గుమ్మం దగ్గర టిక్కెట్టు ఎందుకు?

"కొన్ని పటాలు ఉచితంగానే పెట్టాం కదా" అంటారు. నిజమే. 2017లో సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాలను ఆధార్ నంబరుతో ఉచితంగా దించుకోనిచ్చింది. ఆ స్కేలు అంటే నేల మీద అర కిలోమీటరు కాగితం మీద ఒక సెంటీమీటరు. అందులో మా అమ్మ చేను ఆవగింజంత. గట్టు ఎవడు చెక్కాడో అందులో కనిపించదు. కొన్ని పటాలు ఫోన్లో చూడొచ్చు కూడా. కానీ తగాదాలో ముద్ర వేసిన నకలు తెమ్మంటారు. చూడటం ఉచితం, రుజువు చేసుకోవటం ఖరీదు.

చేల సంగతొక్కటే అనుకోవద్దు. మన శ్మశానం ఎన్ని సెంట్లు? దానికి పోయే దారి ఎక్కడ? పోరంబోకు ఎంత, అందులో ఎవరి పాక ఉంది, ఎవరి రొయ్యల చెరువు ఉంది? ఇవన్నీ గ్రామపటంలో ఉంటయి. శవాన్ని మోసుకొని పోయే దారిలో కంచె వేసినప్పుడు మన దగ్గర ఉండేది నోటిమాట, వాళ్ళ దగ్గర ఉండేది పటం.

ఆఫీసర్లు ఒక మాట అంటారు: "వాడుకునేవాడే ఖర్చు భరించాలి. ఫీజు లేకపోతే శాఖ ఎట్లా నడుస్తుంది?" కాగితం రోజుల్లో నకలు గీసే మనిషికి కూలి ఇవ్వాలి కాబట్టి ఆ మాటకి కొంత అర్థం ఉంది. కంప్యూటర్లో ఒకసారి తయారైన పటానికి రెండో నకలు తీయటానికి అయ్యే ఖర్చెంత? దాదాపు ఏమీ లేదు. అమెరికా ప్రభుత్వానికి లాండ్‌శాట్ అనే ఉపగ్రహం ఉంది. ఒక్కో చిత్రానికి 600 డాలర్లు అడిగిన రోజుల్లో, బాగా అమ్ముడుపోయిన 2001లో కూడా సుమారు 25 వేల చిత్రాలే పోయినయి. 2008లో ఫీజు తీసేశారు. మరుసటి ఏడాది పది లక్షలకు పైగా జనం తీసుకున్నారు. ఆ ఫీజు ఎంతమందిని బయట నిలబెట్టిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

మన కార్యకర్తల్లోనే ఒక అనుమానం ఉంది. "ఉచితంగా పెడితే రియల్ ఎస్టేటు వాళ్ళే ముందు దించుకుంటారు గదా?" దించుకుంటారు. ఇప్పుడు మాత్రం ఆగారా? వాళ్ళకి ఫీజు అడ్డం కాదు. ఆ ఫీజుతో ఆగేది మనం. అయితే ఉచితం చేస్తే చాలదన్నది కూడా నిజమే. ఇంగ్లీషులో, కంప్యూటర్లో, పట్నంలో ఉన్న ఉచితం మన పల్లెదాకా రాదు.

1923లో బొంబాయి శాసన మండలి చెరువులు, బావులు అందరివీ అని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవుదార్ చెరువును తెరిచామంది. అయినా మూడేళ్ళు ఎవరూ ఒక గుక్క తాగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట జనం నడిచి పోయి తాగారు. తీర్మానం దానంతటది నీళ్ళు పోయదు. పటమైనా అంతే, మనమే పోయి అడగాలి.

దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోకూడదు. తెల్లకార్డు జిరాక్సు జతచేయండి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. కానీ పటాల దగ్గర ఒక మెలిక పెట్టారు. మామూలు పేజీకి 2 రూపాయలని రాసి, పటానికి మాత్రం సమంజసమైన మొత్తం అధికారే నిర్ణయిస్తాడన్నారు. తెల్లకార్డు ఉన్నవాళ్ళకి ఆ మెలిక కూడా వర్తించదని గట్టిగా చెప్పండి.

మన డిమాండ్లు నాలుగు. గ్రామపటం, పోరంబోకు వివరాలు, అసైన్డు భూముల జాబితా, శ్మశానం హద్దులు తెలుగులో పంచాయతీ గోడ మీద ఉండాలి. డి-పట్టా ఉన్న ప్రతి కుటుంబానికి ముద్ర వేసిన పటం నకలు ఫీజు లేకుండా ఇంటికి ఇవ్వాలి. డ్రోన్ పటం ఖాయం చేసేముందు మన పల్లెలోకి తెచ్చి చదివి వినిపించాలి. పటాల రేటు నిర్ణయించే అధికారం ఒక్క అధికారి చేతిలో ఉండకూడదు.

ఇక మన పని. ప్రతి పల్లెలో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి పటం చదవటం నేర్చుకోవాలి. గొలుసు ఈడ్చినోళ్ళ బిడ్డలం, మనకి రాకపోవటం ఏంది?

భోజనాలయ్యాక దరఖాస్తులు రాద్దాం. పట్టా, తెల్లకార్డు తెచ్చినోళ్ళు ఎడమ పక్కన కూర్చోండి. సర్వే నంబరు తెలియనోళ్ళు సిగ్గుపడొద్దు, నా దగ్గరికి రండి. ముందు వరసలో పెద్దమ్మ చేనుతోనే మొదలుపెడదాం.

జై భీమ్.