పరిశోధన పొలానికి, పశువుల కొట్టానికి చేరాలి

(పంటల రక్షణ, పశు ఆరోగ్యంపై జరిగిన రైతు శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



చేనుకు పురుగు పడినా, గొడ్డుకు జబ్బు చేసినా మనం మొదట వెళ్లేది మందుల దుకాణానికి. దుకాణం ఊళ్లోనే ఉంది, అప్పు కూడా ఇస్తుంది. పరిశోధనా కేంద్రం ఎక్కడో జిల్లా అవతల ఉంది. అందుకే ఏ మందు కొట్టాలో చెప్పేది శాస్త్రవేత్త కాకుండా, ఆ మందు అమ్ముకునే మనిషి అవుతున్నాడు. ఈ పరిస్థితి ఎలా మారాలో తెలియాలంటే రెండు అనుభవాలు చూడాలి. ఒకటి మన దేశం గెలిచింది, రెండోది ఇంకా ఓడుతూనే ఉంది.

మొదటిది ముసర వ్యాధి. పెద్దవాళ్లు దీన్ని పెద్దరోగం అనేవారు. జ్వరం, నోట్లో పుండ్లు, ఆగని పారుడు, కొద్ది రోజుల్లోనే చావు. మంద మొత్తం పోయి, దుక్కి దున్నే ఎద్దు లేక సేద్యమే ఆగిపోయిన ఊళ్లుండేవి. ఇలాంటి పశురోగాల మీద పనిచేయడానికే 1889లో పూణేలో ఒక ప్రయోగశాల పెట్టారు. తర్వాత అది హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మారింది. నేటి భారత పశువైద్య పరిశోధనా సంస్థ అదే. అక్కడ మేకల కణజాలంతో ముసర టీకా తయారైంది. 1954లో దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకా వేసేవాళ్లు ఊరూరా తిరిగి, పేద గొప్ప తేడా లేకుండా మందలకు ఉచితంగా వేశారు. రోగం తగ్గాక కూడా ఎక్కడైనా మిగిలిందేమోనని గ్రామాల్లో వెతికారు. 2006లో మన దేశం ముసర నుంచి విముక్తమైందని అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2011లో ప్రపంచమంతటా ఈ రోగం అంతమైందని ప్రకటించారు. మశూచి తర్వాత భూమ్మీద నుంచి మనిషి తుడిచిపెట్టిన రెండో రోగం ఇదే.

ఇందులో మూడు పనులు కలిశాయి. ప్రజల డబ్బుతో పరిశోధన జరిగింది. ఫలితం ఉచితంగా ప్రతి కొట్టానికీ చేరింది. పని పూర్తయ్యేదాకా నిఘా సాగింది.

రెండోది పత్తిలో గులాబీ రంగు పురుగు. కాయతొలుచు పురుగుల్ని చంపే జన్యువు ఒకటున్న బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువులున్న రకం 2006లో వచ్చింది. కొన్నేళ్లు మందుల ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ పదేళ్లు తిరగకముందే గుజరాత్‌లో ఈ పురుగు మొదటి జన్యువుకు తట్టుకుంది. ఆ తర్వాత రెండో దానికీ లొంగకుండా పోయింది. ఈ పురుగు ఎక్కువగా పత్తి మీదే బతుకుతుంది. అంతా బీటీయే వేసి, పంటను వేసవి దాకా చేలో ఉంచితే తట్టుకున్న పురుగులే మిగిలి పెరుగుతాయి. దీన్ని ఆపడానికి చుట్టూ బీటీ కాని పత్తి వేయాలన్నది అప్పటి నిబంధన. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చారు. అదెందుకో రైతుకు అర్థమయ్యేలా చెప్పిన వాళ్లు తక్కువ. ఎకరం, రెండెకరాల రైతు అంత నేలను పురుగుకు వదలడం ఎంత కష్టమో ఆలోచించిన వాళ్లు ఇంకా తక్కువ. విత్తనం అమ్ముడుపోయింది, నిఘా మాత్రం గాలికి పోయింది.

ఇదే పురుగును అమెరికా తన పత్తి ప్రాంతాల నుంచి పూర్తిగా నిర్మూలించినట్టు 2018లో ప్రకటించింది. అక్కడ బీటీ పత్తి ఒక్కదాన్నే నమ్ముకోలేదు. సంతానం కలగని రెక్కల పురుగుల్ని వదిలారు, లింగాకర్షక ఎరలు పెట్టారు, పంట తీయగానే మోళ్లు ధ్వంసం చేశారు. ఇవన్నీ ప్రాంతమంతా ఒకేసారి చేశారు. ఒక్క రైతు ఒక్క చేలో చేస్తే ఫలితం రాదు, పక్క చేలోంచి రెక్కల పురుగు ఎగిరి వస్తుంది.

కాబట్టి ఊరంతా కలిసి చేయగల పనులు మొదలుపెడదాం. తక్కువ కాలపు రకాలు ఎంచుకుని, అందరం దగ్గర దగ్గర రోజుల్లో విత్తుదాం. 45 రోజుల పైరు నుంచి నిఘా కోసం ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు పెడదాం. వరుసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టలో ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే చర్య తీసుకోవాలని గుర్తు. గుడ్డి పూలు కనిపిస్తే ఏరి నాశనం చేద్దాం. పురుగు లెక్క చూడకుండా మందు కొట్టవద్దు. ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు తొందరపడి వాడితే తెల్లదోమ పెరుగుతుంది. డిసెంబరు ఆఖరుకు పంట ముగించి, కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపేద్దాం. మిగిలిన కాయల్ని గొర్రెలు, మేకలు మేస్తే లోపలి పురుగూ పోతుంది. అయితే మందు కొట్టిన చేలోకి మందను వెంటనే తోలవద్దు, పశువైద్యుణ్ణి అడిగిన తర్వాతే తోలాలి.

పశువుల విషయంలో మనకు తాజా హెచ్చరిక లంపీ చర్మ వ్యాధి. మన దేశంలో ఇది 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో వేల పశువుల్ని పొట్టన పెట్టుకుంది. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రం, పశువైద్య పరిశోధనా సంస్థతో కలిసి టీకా తయారుచేసింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని ఆవిష్కరించింది. కానీ ఆ పరిశోధన ఆధారంగా తయారైన టీకాకు అమ్మకం అనుమతి దొరికింది 2025లోనే. ఈలోగా మేకల మశూచి టీకాతోనే సరిపెట్టుకున్నాం. శాస్త్రవేత్తలు తమ వంతు చేశారు. ప్రయోగశాలకూ కొట్టానికీ మధ్య దారి మాత్రం అంత పొడవుంది.

గొర్రెలు, మేకలకు వచ్చే పారుడు రోగం, అంటే పీపీఆర్‌కు మన దేశంలోనే మంచి టీకా ఉంది. ఒక్కసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. 2030 నాటికి దాన్ని ప్రపంచం నుంచే నిర్మూలించాలన్నది అంతర్జాతీయ లక్ష్యం. టీకాను చల్లగా కాపాడి మంద దాకా తెచ్చే సిబ్బంది ఉంటేనే అది నెరవేరుతుంది. వలస మందలు ఊరు దాటి పోయాక వచ్చే టీకా ఎవరికీ పనికిరాదు.

మిత్రులారా, మన దేశం వ్యవసాయ పరిశోధనకు పెడుతున్న ఖర్చు వ్యవసాయ ఉత్పత్తి విలువలో అర శాతం కూడా లేదు. అందుకే మన డిమాండ్లు ఇవి. ఈ ఖర్చును ఒక శాతానికి పెంచాలి. పరిశోధనా కేంద్రాల్లో, పశువైద్యశాలల్లో ఖాళీలు నింపాలి. పురుగులు ఏ విత్తనానికి, ఏ మందుకు తట్టుకుంటున్నాయో ప్రతి సీజను ముందే ప్రభుత్వం తెలుగులో ప్రకటించాలి. ఆ నిఘా ఖర్చులో విత్తన కంపెనీలు వాటా భరించాలి. రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో టీకాల తేదీలు రాసి పెట్టాలి. పురుగుతో పంట పోతే సాగు చేసిన కౌలు రైతుకే పరిహారం అందాలి.

వచ్చే నెల మండల కార్యాలయాల్లో ఈ వినతి పత్రాలు ఇద్దాం. అంతకు ముందే ప్రతి గ్రామ శాఖా తన ఊళ్లో ఎన్ని మందలున్నాయో, ఏ టీకా ఎప్పుడు పడిందో, పత్తి ఎన్ని ఎకరాలో రాసి తేవాలి. లెక్క మన చేతిలో ఉంటే అధికారి తప్పించుకోలేడు. ముసరను తరిమిన దేశానికి గులాబీ పురుగును, పారుడు రోగాన్ని తరమడం చేతకాని పనేమీ కాదు. అది చేయించుకునే బాధ్యత సంఘంగా మనది.