ఎన్ని రాశారు? ఎవరికి పనికొచ్చాయి?

 

నేను బీకాం చదివి, బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. పరిశోధన గురించి మాట్లాడేంత చదువు నాకు లేదు. లెక్కల గురించి మాత్రం కొంత తెలుసు. అందుకే ఈరోజు ఒక పండితుడి లెక్క, నేను చేసిన ఒక తప్పు లెక్క మీ ముందు ఉంచుతాను.

ఆ పండితుడు ప్రొఫెసర్ అమితావ్ ఆచార్య. మన ఒడిశా బిడ్డ. కటక్ రావెన్‌షా కళాశాలలో, ఢిల్లీ జేఎన్‌యూలో చదివి, ఆస్ట్రేలియాలోని మర్డోక్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాల ఆచార్యులయ్యారు. 2014-15లో ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్‌కు అధ్యక్షులుగా ఉన్నారు. పాశ్చాత్యేతర దేశాల నుంచి ఆ పదవికి వచ్చినవారిలో ఆయనే మొదటివారు.

ఆయన పుస్తకాలు, వ్యాసాలు చాలా ఉన్నాయి. వాటిలో 2004లో 'ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్' పత్రికలో వచ్చిన ఒక్క వ్యాసాన్ని తరువాతి పరిశోధకులు ఎంతోమంది ఉదహరించారు. అందులోని విషయం మనకూ అర్థమయ్యేదే. బయటి నుంచి వచ్చిన ఆలోచనను ఏ ప్రాంతమూ ఉన్నదున్నట్లు తీసుకోదు. తన నమ్మకాలకు అంటుకట్టి, కొంత కత్తిరించి తనదిగా చేసుకుంటుంది. దీనికి ఆయన ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌ను ఉదాహరణగా చూపారు. మన ఇళ్లలోకి పఖాళ వచ్చి ఆవకాయతో జతకట్టలేదా? అలాంటిదే.

ఒకరి రచనను మరొకరు ఉదహరిస్తే దాన్ని సైటేషన్ అంటారు. బ్యాంకు భాషలో అది వోచరు. లెడ్జరులో ప్రతి పద్దు వెనుక వోచరు ఉన్నట్లే, పరిశోధనలో ప్రతి మాట వెనుక ఆధారం ఉండాలి. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత ప్రతిపాదించారు. ఒకరి రచనల్లో కనీసం పదింటిని ఒక్కొక్కదాన్ని పదిసార్లకు తగ్గకుండా ఉదహరిస్తే, ఆయన సూచిక కనీసం పది. రాసినవి వంద ఉన్నా, ఎవరూ ఉదహరించకపోతే అది సున్నా.

ఈ కొలతకూ లోపాలున్నాయి. మెచ్చుకుంటూ ఉదహరించినా, ఖండిస్తూ ఉదహరించినా ఒకే ఖాతాలో పడుతుంది. జమకూ ఖర్చుకూ తేడా లేదన్నమాట. కెన్నెత్ వాల్ట్జ్ 1979లో రాసిన 'థియరీ ఆఫ్ ఇంటర్నేషనల్ పాలిటిక్స్'ను కాదనడానికి ఉదహరించినవారూ ఎందరో! పైగా వైద్యశాస్త్రంలోని అంకెను రాజనీతి శాస్త్రంలోని అంకెతో పోల్చకూడదు.

ఇక నా పొరపాటు. నిరుడు మన ఎంపిక సంఘంలో నేనూ ఒకణ్ణి. ఒక అబ్బాయి తొమ్మిది పత్రాలు చూపించాడు, ఒక అమ్మాయి ఒకే ఒక్కటి. అంకె చూసి అబ్బాయికి ఓటు వేశాను. తరువాత తీరిగ్గా చదివితే, ఆ తొమ్మిదింటిలోనూ ఉన్నది ఒకటే విషయం. డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికల్లో శీర్షికలు మార్చి వేయించినవి. అమ్మాయి పత్రం రెండేళ్ల శ్రమ. అబ్బాయిని తప్పుపట్టను. అంకె అడిగింది మేమే కదా! ఆ అమ్మాయి తండ్రిగారి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన కాఫీ ఇచ్చి, "వచ్చే ఏడు చూద్దాం లెండి" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

థీసిస్ ఇవ్వడానికి ముందు పత్రం ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ కూడా 2022 నిబంధనల్లో తీసేసింది. మన ట్రస్టు ఈ ఏడు నుంచి పత్రాలు లెక్కపెట్టదు. దరఖాస్తు చేసినవారు తమ పత్రాల్లో ఒకదాన్ని ఎంచుకుని, పది నిమిషాలు మాకు అర్థమయ్యేలా చెప్పాలి. నాలాంటి గుమస్తాకు కూడా అర్థం కావాలి సుమా!

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలను "ఎన్ని రాశావు?" అని అడగకండి. "ఏం కనుక్కున్నావు?" అని అడగండి. జవాబు చెబుతున్నప్పుడు కూర్చుని వినండి.