బడిపిల్లల ఆరోగ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన కొత్తవలస గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభదినమున పెద్దలు గ్రంథములను గూర్చి చక్కగా ముచ్చటించిరి. ఆ గ్రంథములను చదువవలసిన పిల్లల కన్నులను, కడుపులను గూర్చి నేను నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున ఒక బాలుడు నల్లబల్లమీది లెక్కను ఎప్పుడును తప్పుగా ఎత్తి వ్రాసెడివాడు. శ్రద్ధ లేదని తలచి వెనుకబల్లపై కూర్చుండబెట్టితిని; బెత్తముతో కొట్టితిని కూడ. కొన్ని నెలలకు వాని మేనమామ విశాఖపట్టణము తీసికొనిపోయి కన్నులు చూపించెను. కళ్లజోడు పెట్టుకొని వచ్చిననాడు వాడు, “మాస్టారూ, మీరు గీసిన గీతలు కూడా కనబడుతున్నాయండి” అనెను. తప్పు వానిది కాదు, నాది. నాటినుండి చదువు రాని పిల్లవానిని చూచినప్పుడు, వీనికి కనబడుచున్నదా, వినబడుచున్నదా, కడుపునిండ తినుచున్నాడా అని ముందుగా విచారించుట నేర్చుకొంటిని.

ఈ విచారణకు నేడు ఏర్పాట్లు కలవు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను వైద్యబృందములు పిల్లలను పరీక్షించి, లోపము కనబడినచో పై ఆసుపత్రికి చీటీ వ్రాసి యిచ్చును. 2003 నుండి ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనము వండి పెట్టుచున్నారు. నులిపురుగులకు మాత్రయు, రక్తహీనతకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రయు బడిలోనే యిత్తురు.

ఈ రెండవ మాత్ర వికారము చేయునని కొందరు తల్లులు వలదనుచున్నారు. అన్నము తిన్నపిమ్మట మింగిన వికారము చాలవరకు తగ్గును. ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను జబ్బు ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనయు దాని వాతబడి బ్రతికి బయటపడెను. తెలుగు బిడ్డ కృషి ఫలమును తెలుగు బిడ్డలు పారవేయుట తగునా?

కాని అసలు కష్టము చీటీ చేతికి వచ్చిన పిమ్మటనే. చదివి చెప్పువారు లేరు. ఒకపూట కూలి పోవును. పట్టణపు ఆసుపత్రిలో ఏ గదికి పోవలెనో తెలియదు. ఆ చీటీ చూరులోనే మ్రగ్గిపోవును. బిడ్డ వెనుకబల్లమీదనే మిగిలిపోవును.

కావున గ్రంథాలయమువారికి నా విన్నపము. వారమునకొక సాయంకాలము ఆ చీటీలు చదివి చెప్పుటకు ఒకరు ఇచట కూర్చుండవలెను. తోడు లేని తల్లితో రైలెక్కి ఆసుపత్రికి పోవుటకు యువకులు వంతులు వేసికొనవలెను. పోవునప్పుడు ఆ బిడ్డ చేతికొక బొమ్మల కథలపుస్తకము ఇచ్చి పంపవలెను.

తొలి సాయంకాలము చీటీలు చదువుటకు నేను వచ్చెదను. నేను కొట్టిన దెబ్బల బాకీ ఇంకను తీరలేదు. సెలవు.