పెండ్లి పటములు: ఉభయపక్షములవారు తలపోయవలసిన విషయములు



విద్యనుగూర్చియు, చేనేఁతనుగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట పెండ్లి ఫొటోలనుగూర్చి మాటాడుటకు మేము లేచి నిలుచుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వుకొనుఁడు, తప్పులేదు. కాని మీ యింటనో మీ చుట్టముల యింటనో కడపట జరిగిన వివాహపు లెక్కల పుస్తకమును ఒక్కసారి విప్పి చూడుఁడు. పురోహితుని సంభావన యెంత? మధుపర్కములు నేసిన నేఁతగానికి ముట్టినదెంత? ఛాయాగ్రాహకుల పద్దు ఎంత? మూఁడవ యంకె మొదటి రెంటిని మ్రింగివేసియుండుట మీలోఁ బలువురు చూచియే యుందురు. అప్పుచేసి యీ పద్దు తీర్చిన తండ్రులును ఈ సభలో లేకపోలేదు. ఇంత ధనము వెచ్చించి మనము కొనుచున్నదేమి, కొనఁదగినదేమి యని విచారించుట సభకుఁ దగని పని కాదని తలఁచి యీ మాటలు మనవి చేయుచున్నాము.

ఫొటోలు వలదని మా వాదము కాదు. వెనుకటితరమున పెండ్లియైన కొన్నాళ్ళకు దంపతులు పట్టణమునకుఁ బోయి, స్టూడియోలో నొకరు కూర్చుండి యొకరు నిలుచుండి యొక్క పటము తీయించుకొనెడివారు. ఆ యొక్క పటమే అద్దము కట్టించి నడవలో మేకునకు వ్రేలాడఁదీయఁగా, మూఁడుతరములవారు దానిని జూపి 'ఈమె మా నాయనమ్మ' యని చెప్పుకొనుచున్నారు. నేఁడు వేలకొలఁది పటములు తీయించుకొనుచున్నాము. మఱుసటియేఁటికి అవి యే పెట్టెలో నున్నవో తెలియదు.

మన పెండ్లిండ్లలో నొక విచిత్రమైన యలవాటు పాఁతుకొనినది. ఆడపెండ్లివారొక ఛాయాగ్రాహకుని, మగపెండ్లివారు మఱియొకనిని వేర్వేఱుగాఁ గుదుర్చుకొందురు. ఒక్కొక్కనివెంట మామూలు ఫొటోలు తీయువాఁడొకఁడు, వీడియో తీయువాఁడొకఁడు, కాండిడ్ అను పేర మనకుఁ దెలియకుండఁ దీయువాఁడొకఁడు, సినిమావలెఁ దీయువాఁడొకఁడు, దీపము పట్టువాఁడొకఁడు. రెండుపక్షములకుఁ గలిపి పదిమంది. వేదికమీఁద పురోహితుఁడు, తల్లిదండ్రులు, మేనమామలు నిలుచుటకే చోటు చాలదు. అడ్డుతెర పట్టి, లగ్నము సమీపించి, వధూవరులు ఒండొరుల శిరస్సులపై జీలకఱ్ఱ బెల్లము నుంచు క్షణమున, దానికొఱకే నిద్రమాని కూర్చున్న బంధువులకుఁ గనఁబడునది పదిమంది వీపులు! చేతిలో నక్షతలు పట్టుకొని, ఏ దిక్కునకుఁ జల్లవలెనో తెలియక, ప్రక్కనున్న ఎల్.ఇ.డి. తెరను జూచుచుఁ జల్లిన ముసలమ్మలను మేము చూచితిమి. మాంగల్యధారణ సమయమున 'ఒక్క క్షణ మాగుఁడు, ఇటు చూడుఁడు, ఇంకొకసారి' యని వరుని చేతు లాపించువారును గలరు. పంచాంగములోని ముహూర్తమునకు విలువ యిచ్చి బంధువులను పిలిచి, కెమెరావాని ముహూర్తమునకుఁ దాళి కట్టించుట యేమి మర్యాద?

కావున మా మొదటి మనవి యిది. ఒక పెండ్లికి ఒక్కటే ఛాయాగ్రాహకబృందము ఉండవలెను. దాని వ్యయమును ఉభయపక్షములవారు చెరిసగము భరింపవలెను. ఈ మాట నిశ్చయతాంబూలములనాఁడే, కట్నకానుకల మాటలు పెరుగకమునుపే, పెద్దలయెదుటఁ దేల్చుకొనవలెను. ఇట్లు చేసినచో వేదికపై మనుష్యులు సగమగుదురు, ఖర్చును తగ్గును. పటములు రెండిండ్లకును ఒక్కటే యగును.

దీనికిఁ జెప్పు నాక్షేపణ మాకుఁ దెలియును. 'ఆడపెండ్లివారి మనిషి మా చుట్టములను దీయఁడు' అని వరునివారందురు. ఆడపెండ్లివారును అట్లే యందురు. ఇందుఁ గొంత నిజము లేకపోలేదు. కాని యది ఛాయాగ్రాహకుని పక్షపాతము కాదు. వానికి మన చుట్టఱికము తెలియకపోవుటయే కారణము. పట్టుచీర కట్టి నగలు పెట్టుకొని ముందువరుసలోఁ గూర్చున్నవారు వాని కంటఁబడుదురు. మూలఁ గూర్చున్న మేనత్త పడదు. మేమెఱిఁగిన యొక యింట మనుమరాలి పెండ్లికని తాతగారు చూపు మందగించియు మగ్గముమీఁదఁ గూర్చుండి మధుపర్కములు తామే నేసిరి. పెండ్లిలో ఆ మధుపర్కముల పటములు నూఱుకుఁ బైగాఁ బడినవి, ప్రక్కనుండి, పైనుండి, అంచు దగ్గఱనుండి. నేసిన తాతగారి ముఖ మొక్కదానిలోను లేదు. ఆయన వెనుకవరుసలో బల్లమీఁదఁ గూర్చుండి, ఎవరును బిలువనందున వేదిక యెక్కలేదు. ఏఁడు తిరుగకమునుపే కాలధర్మము నొందిరి. సంతాపపత్రికలో వేయుటకు పటము కావలసివచ్చి, ఆ వీడియో నంతయు వెదకి, అన్నము తినుచున్న పంక్తిలో ఆయన భుజమును, సగము చెంపను మాత్రము చూడఁగలిగిరి.

ఈ లోపమునకు మందు కెమెరాలో లేదు, కాగితములో నున్నది. పెండ్లికిఁ బదిదినములు ముందుగా రెండిండ్ల పెద్దలును కూర్చుండి ఒక జాబితా వ్రాయవలెను. అందు మొదట వ్రాయవలసినది ముసలివారి పేర్లు. పిమ్మట నడువలేనివారు, పసిబిడ్డల తల్లులు, సోలాపురము, భివండి, సూరతు మొదలగు చోట్లనుండి వచ్చి మఱునాఁటి రైలునకే పోవలసిన మనవారు. ఆపైఁ దక్కినవారు. ప్రతిపక్షమునుండియు చుట్టఱికము బాగుగాఁ దెలిసిన యువకు నొకనిని, లేదా యువతిని, ఆ జాబితా చేతికిచ్చి ఛాయాగ్రాహకుని వెంట నుంచవలెను. 'ఆయన మా పెదనాయన, ఈమె వరుని మేనత్త' యని చూపుటయే వారి పని. వారికి ఆనాఁడు వంటశాల బాధ్యతగాని, వడ్డనగాని యప్పగింపరాదు.

గుంపుపటముల విషయమున లెక్క తప్పుచున్నారు. ఒక్కొక్క గుంపును బిలిచి, నిలిపి, తీయుటకు 3 నిమిషములే పట్టుననుకొన్నను 25 గుంపులకు 75 నిమిషములు పట్టును. ఇదంతయు తలంబ్రాలైన పిమ్మటఁ బెట్టుకొనుటచే, అర్ధరాత్రి లగ్నములయందు వధూవరులు నిలువలేక తూలుచుందురు. మధుమేహము గల పెద్దలు ఆఁకలికి ఆఁగలేక వెడలిపోవుదురు. ముసలివారితోడి పటములను సాయంకాలము ఎదురుకోలు కాఁగానే, వెలుతురుండఁగనే, ముగింపవలెను. సప్తపదియు, అరుంధతీదర్శనమును అయిన వెనుక మిత్రుల గుంపులను దీయించుకొనవచ్చును. పురోహితుని నడిగి కార్యక్రమక్రమమును, ఇంచుమించు వేళలను వ్రాయించుకొని ఛాయాగ్రాహకుని కొక ప్రతి ముందుగనే యిచ్చుట మేలు. గౌరీపూజ యెప్పుడు, వధువును బుట్టలోఁ గూర్చుండఁబెట్టి మేనమామలు తెచ్చుట యెప్పుడు, హోమమెప్పుడు అని తెలిసినవాఁడు ముందే తన చోటు చూచుకొని కదలక నిలుచును. తెలియనివాఁడే అందఱి కడ్డముగాఁ బరుగులిడును.

ఇఁక మనిషి నెన్నుకొనుట. ఏఱి కూర్చిన పదిపటములు చూచి మోసపోవలదు. పదిపటములు ఎవనికైనను బాగుగనే కుదురును. ఒక పెండ్లిని మొదటినుండి తుదివఱకుఁ దీసిన పటము లన్నింటిని చూపుమని యడుగుఁడు. అందును రాత్రి లగ్నము, హోమధూమము గల పెండ్లి చూపుమనుఁడు. ధూమములోనికి మెఱుపుదీపము వేసిన, పొగయే తెల్లగా మెఱసి ముఖములు మాసిపోవును. మఱియొక పరీక్ష మన కులమువారికి మాత్రమే తోఁచునది: మధుపర్కములు ఎట్లు పడినవో చూడవలెను. తెలుపును బట్టించుట యెఱుఁగనివాఁడు తీసినచో వస్త్రము సున్నపుగోడవలెఁ బడును. నేఁతయు, అంచుకుట్టును, మడతయు కనఁబడవు. మగ్గము విడిచి కెమెరా పట్టిన యువకులు మనలోనే కలరు. వారిని బిలుచుట మంచిదే. కాని 'మనవాఁడే కదా' యని కూలి తెగవేయుట మాత్రము మంచిది కాదు.

ఎవరితో మాటాడినను నోటిమాటతో విడువక కాగితముమీఁద వ్రాయింపుఁడు. లగ్నములు దట్టముగా నున్న దినములలో ఒక్కఁడే మూఁడు పెండ్లిండ్లు ఒప్పుకొని సహాయకులను బంపుట కలదు గనుక, స్వయముగా వచ్చునదెవరో పేరు వ్రాయవలెను. ఎన్ని గంటలు పనిచేయుదురో, ఆల్బము నందు షీట్లు ఎన్నియో, అదనపు షీటుకు వెల యెంతయో, జి.యస్.టి. చేరియున్నదో లేదో, అసలు ఫైళ్ళ నన్నింటిని హార్డ్ డిస్కులో నిత్తురో లేదో, ఎన్నాళ్ళ కిత్తురో వ్రాయవలెను. ఒకేమాఱు రెండు కార్డులలో భద్రపఱచు కెమెరా వాడుదురాయని యడుగుఁడు. ఒక కార్డు చెడినను పెండ్లి పోదు. రొక్కమును కొంత బయానాగా, కొంత పెండ్లినాఁడు, మిగిలినది ఆల్బము చేతికందిన పిదప నిచ్చునట్లు ఏర్పఱచుకొనుఁడు. అంతయు ముందే యిచ్చినవారు ఆల్బముకొఱకు బారసాలదాఁక తిరిగిరి!

చట్టమందలి మాట యొకటి మీకుఁ దెలియుట యవసరము. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమందలి 17వ సెక్షను ననుసరించి, ప్రతిఫల మిచ్చి యొకరు తీయించుకొనిన ఫొటోలకు, వేఱు ఒప్పందము లేనిచో, తీయించుకొనినవారే మొదటి హక్కుదారులు. అందుచేత ఛాయాగ్రాహకు లిచ్చు కాగితమును జదువక సంతకము చేయరాదు. ఆ 'వేఱు ఒప్పందము' అందే యుండవచ్చును. మన యాఁడుబిడ్డల పటములను తన వ్యాపారప్రచారమునకై ఇన్‌స్టాగ్రాములో నుంచుటకు మన వ్రాఁతపూర్వకమైన యనుమతి కావలెనని మనమే అందుఁ జేర్పింపవలెను. ఆ యనుమతి నిచ్చుటయో మానుటయో వధువు నడిగి చేయవలసిన పని. తండ్రియో వరుఁడో నిర్ణయించునది కాదు.

వధువు నలంకరించు గదిలోనికి పురుషులు కెమెరాలతోఁ బోవుట పలువురు తల్లులకు ఇష్టము లేదు, చెప్పుటకు మొగమాటము. అచ్చటికి స్త్రీనే పంపుమని యడుగుట క్రొత్తకోరిక కాదు. హైదరాబాదు ఆఱవ నిజాము కాలమున ప్రఖ్యాతుఁడైన రాజా దీనదయాళు 1892లోనే స్త్రీలకొఱకుఁ బ్రత్యేకముగా నొక స్టూడియో తెఱచి, అందు ఫొటోలు తీయుటకు స్త్రీనే నియమించెను. నూఱేండ్లకుఁ బైగా గడచిన పిమ్మట మనము ఆపాటి మర్యాద కోరుటకు సంకోచమేల?

పెండ్లికి ముందు కొండలకును సముద్రతీరములకును బోయి తీయించుకొను పటములనుగూర్చి మేమేమియు ననము. అది పిల్లల సరదా, వారి సంపాదనతోఁ జేసికొందురు గాక. తండ్రి యప్పులోనికి మాత్రము చేర్పవలదు. రాలేని చుట్టములకు పెండ్లిని ప్రత్యక్షముగాఁ జూపు ఏర్పాటు డ్రోనుకంటె నెంతయో యుపయోగకరము. భివండిలో సాంచ విడిచి రాలేని తమ్మునికి అక్కకూఁతురి పెండ్లి కనఁబడును.

బృందమువారికి వేళకు భోజనము పెట్టుట మఱవకుఁడు. సాయంకాలమునుండి తెల్లవాఱుదాఁక నిలుచువారు వారు. కడపటి పంక్తిలో చల్లారిన యన్నము పెట్టి మంచి పటములు కోరుట న్యాయము కాదు.

తుదకు, ఆల్బము వచ్చినపిమ్మట జేయవలసిన పని యొకటి కలదు. పదునాఱు దినముల పండుగకు రెండిండ్లవారును మఱలఁ గలిసికొందురు గదా. అప్పటికి ఆల్బము రాకున్నను పటములు కంప్యూటరులోనైనఁ జూపవచ్చును. నాయనమ్మను, అమ్మమ్మను ప్రక్కనఁ గూర్చుండఁబెట్టి, ఒక్కొక్క పటములో నెవరెవరున్నారో చెప్పించి, పేరును, ఊరును, వరుసయు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పటముల ప్రతి నొకటి వధువు ఇంటను, మఱియొకటి వరుని యింటను వేర్వేఱు డిస్కులలో నుంపవలెను.

ఉభయపక్షములవారును సంతకము చేయఁదగిన యొప్పందపు నమూనా నొకదానిని సిద్ధము చేసి కార్యదర్శిగారి కిచ్చితిమి. ఒకే బృందము, చెరిసగము వ్యయము అను తీర్మానముతోఁ గూడ దానిని మధ్యాహ్నపు సమావేశమునఁ జర్చకుఁ దీసికొనవలెనని సభవారిని గోరుచున్నాము.