స్కోలిన్ సూదికి ముందు



మదీనాగూడలో, ఈ పాత బొంబాయి రోడ్డు పొడవునా ఉన్న ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి మత్తు డాక్టరుగా పనిచేసిన పెద్దాయన స్మృతిలో జరుగుతున్న ఉపన్యాసం ఇది. ఆపరేషన్‌కు ముందు ఆయన ప్రతి రోగినీ తప్పకుండా ఒక మాట అడిగేవారు: “మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందుకోవడం ఆలస్యమైందా?” ఆ ప్రశ్న వెనక ఒక జీన్ ఉంది. దాని పేరు బీసీహెచ్ఈ, ఉండేది మూడో క్రోమోజోమ్ మీద.

ఈ జీన్ ఆదేశంతో కాలేయం తయారుచేసే ప్రోటీన్ బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్. ల్యాబ్ రిపోర్టుల్లో సూడోకోలినెస్టరేజ్ అని రాస్తారు. 574 అమైనో ఆమ్లాల గొలుసులు నాలుగేసి జతకట్టి రక్తంలో తిరుగుతుంటాయి. గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలను సడలించడానికి 1951 నుంచి వైద్యులు వాడుతున్న స్కోలిన్‌ను ఇదే విరగ్గొడుతుంది. ఎక్కించిన మందులో చాలా భాగం కండరాన్ని చేరకముందే రక్తంలో నశిస్తుంది. అందుకే అయిదు పది నిమిషాల్లో రోగి మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకోగలుగుతాడు. ఎంజైమ్ లేనివారిలో ఆ సడలింపు గంటల తరబడి ఉండిపోతుంది. మత్తు తేలిపోతే ఇంకా భయంకరం: మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, కనురెప్ప కూడా కదలదు. వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగిస్తూ, మందు ప్రభావం తగ్గేదాకా కనిపెట్టుకుని ఉంటే ప్రాణానికి ముప్పు లేదు. కానీ సంగతేమిటో అక్కడున్న డాక్టరుకు తట్టాలి.

ఇది మన ఇళ్ల సంగతి కూడా. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ లోపం ఎక్కువగా ఉందని 1979లోనే ఒక పరిశోధన పత్రం వచ్చింది. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అసలు మార్పును పట్టుకున్నారు: 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్. ఒక్క అక్షరం తేడా, ఎంజైమ్ నిలవదు. 2009లో హబ్సిగూడ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన, ఈ సముదాయం వంద తరాలకు పైగా తమలో తామే సంబంధాలు కలుపుకుంటూ వచ్చిందని చూపింది. 2017లో మరో పత్రం ఇతరులతో పోలిస్తే వీరిలో ఈ లోపం సుమారు వంద రెట్లు ఎక్కువని చెప్పింది. ఆ పత్రమే దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలించి, 81 సముదాయాల్లో ఇలాంటి బలమైన మూలపురుష ప్రభావాన్ని, అంటే కొద్దిమంది పూర్వీకుల జన్యువులే సముదాయమంతటా వ్యాపించడాన్ని, గుర్తించింది. కనుక ఒక కులాన్ని వేలెత్తి చూపడానికి ఇందులో ఏమీ లేదు. అలా చూపేవాళ్లను నేను గట్టిగా ఖండిస్తాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. ఈ ఎంజైమ్ బొత్తిగా లేనివాళ్లు ఆరోగ్యంగా పెరుగుతారు, పిల్లల్ని కంటారు, వృద్ధులవుతారు. మరి శరీరం దీన్ని ఇంత శ్రద్ధగా ఎందుకు తయారుచేస్తోంది? ఎలుకల్లో దీన్ని తీసేస్తే కొవ్వు తిండి మీద ఎక్కువ లావెక్కాయి. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోన్‌ను ఇది నిర్వీర్యం చేస్తుందని కూడా తేలింది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు రక్తంలో చేరితే ఒక్కో అణువునూ పట్టుకుని తాను బలైపోతుంది. అందుకే పత్తి చేలల్లో మందు కొట్టి పడిపోయిన రైతుకు ఆసుపత్రిలో ఈ ఎంజైమ్ స్థాయే చూస్తారు. పుట్టుకతోనే అది లేని మనిషికి విషం తాకకపోయినా రిపోర్టు తక్కువే వస్తుంది. ఆ వివరం తెలియకపోతే వైద్యం దారి తప్పవచ్చు. ఇవన్నీ ఆనవాళ్లే, పూర్తి జవాబు కాదు. ఎంజైమ్ లేకుండా హాయిగా జీవిస్తున్న తెలుగు కుటుంబాలే ఆ జవాబు దొరకగల చోటు. వారి సమ్మతితో, వారి గౌరవానికి లోటు రాకుండా, దశాబ్దాల పాటు సాగే అధ్యయనం మన నగరంలోనే మొదలుకావాలని కోరుతున్నాను.

అందాకా చేయవలసింది చిన్న రక్తపరీక్ష. లోపం ఉందని తేలినవారికి స్కోలిన్, మైవాక్యూరియం వద్దు. రోక్యురోనియం వంటివి ఉన్నాయి. ఆ మాట రాసిన కార్డు జేబులో ఉండాలి. ఇంట్లో ఒకరికి తేలితే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు కూడా పరీక్ష చేయించండి. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో మారిన ప్రతి మోస్తున్నవారైతే, వారి పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.