తీరపు కోతయు, రాతిగోడ తీర్మానమును
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఉప్పాడ తీరమునకు మఱియొక రాతిగోడ కట్టింపవలెనని ప్రభుత్వమును ప్రార్థించు తీర్మాన మొకటి నేడు సభ ముందున్నది. దానిని బలపఱచుడని పెద్దలు మాకు సెలవిచ్చిరి. కాని దానిని ఉన్నదున్నట్లు బలపఱచుటకు మాకు మనసొప్పకున్నది. ఉప్పాడవారి దుఃఖ మెఱుగక ఈ మాట యనుట లేదు. తాము కట్టుకొన్న యిల్లు తమ కన్నులయెదుటనే కెరటములో కూలుట చూచినవా రీ సభలో నున్నారు. వారు మమ్ము మన్నించి కడవఱకు వినవలెను.

గంగమ్మకు కోపము వచ్చి యూరు మ్రింగుచున్నదని మన పెద్దలందురు. ఆ మాట యటుంచి, ఇసుక లెక్క చూతము. మన తీరపు టిసుక ఒకచోట నిలుచునది కాదు. నైరుతి ఋతుపవనకాలమున కెరటములు ఒడ్డునకు ఏటవాలుగా తగులుచు ఇసుకను ఉత్తరమునకు నడపును. ఈశాన్యపు గాలులకు కొంత దక్షిణమునకు మరలును. మొత్తముమీద ఉత్తరపు నడకయే యధికము. వచ్చు నిసుకయు పోవు నిసుకయు సరిపడినంతకాలము ఒడ్డు నిలుచును.

ఇప్పుడు వచ్చునది తగ్గినది. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మన డెల్టాకు అన్నము పెట్టినది, దానిని నిందింపరాదు. కాని పిమ్మట గోదావరిమీదను ఉపనదులమీదను కట్టిన జలాశయములలో ఒండ్రు అడుగున నిలిచిపోయి, సముద్రమునకు చేరు భాగము మిక్కిలి తగ్గెను. గోదావరి మొగవద్ద ఇసుక పేరుకొని యుత్తరముగా సాగిన హోప్ దీవి కాకినాడను కంచెవలె కాచుచున్నది. అయితే దాని కొన చుట్టు తిరిగిన కెరటముల బలము ఉప్పాడ వైపున కూడుచున్నదనియు, రేవు కట్టడములు ఇసుక నడకకు అడ్డము వచ్చుచున్నవనియు పరిశోధకులు చెప్పుచున్నారు.

ఇట్టి లోటునకు గోడ యేమి చేయగలదు? 2010 ప్రాంతమున ఇసుక నింపిన జియోట్యూబులతో అచ్చట గట్టు కట్టిరి. పిమ్మటి తుపానుల తాకిడికి అవి చినిగి జారినవి. బండలును పోసిరి. రాతిని తాకి మరలు కెరటము దాని పాదము క్రింది ఇసుకను త్రవ్వుకొని పోవును. గోడ ముగిసినచోట ఆ కోత పొరుగుపల్లెమీద పడును. గోడ కోరు పల్లెవారును, ఆ గోడకొనకు ఆవల నుండు పల్లెవారును నేడీ పందిట ఒకే చాపమీద కూర్చుండియున్నారు. ఒకరికై చేయు తీర్మానము రెండవవారి యిండ్లు తీయునేని ఇది యెవరి సంఘము?

మఱియొక మాట. అలివివల లాగుటకును, పడవ నొడ్డున కెక్కించుటకును, చేపలెండబెట్టుటకును ఇసుకనేల కావలెను. బండలమీద ఈ పనులు సాగవు. ఇంజనీర్ల పటములలో ఇసుక ఖాళీస్థలముగా కనబడును. మనకది పొలమును కళ్లమును.

విశాఖపట్టణమున రేవువద్ద ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తీసి నగరపు తీరమున పోయుట చిరకాలముగా నున్న పద్ధతి. పట్టణమునకు తగిన యుపాయము పల్లెకు తగదా? దీనిని అడుగుటకు మనము సంకోచింప బనిలేదు.

ఉప్పెన మాటకు వత్తము. 1839లో కోరింగ, 1864లో బందరు, 1977 నవంబరు 19న దివిసీమ. దివిసీమయందు చనిపోయినవారు సర్కారు లెక్కకే సుమారు 10,000 మంది. అట్టి నీటిని ఒడ్డున పోసిన బండలు ఆపజాలవు. దాని వేగమును కొంత తగ్గించునవి మడయడవులును ఇసుకదిబ్బలును. ప్రాణములు కాచునవి ముందస్తు హెచ్చరికయు, తుపాను షెల్టరును, పిలిచిన వెంటనే కదలుటయు. 2014లో హుద్‌హుద్ వచ్చునాటికి వేలకొలది జనులను ముందే తరలించుటచే మరణములు పదుల సంఖ్యలో నిలిచినవి. కోరింగ మడను 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. వంటచెఱకునకు మడకొమ్మ నఱికిన చేతులలో మన చేతులును గలవు. ఈ మాట మనలో మనము చెప్పుకొనుటకు సిగ్గుపడవలదు.

కొన్ని యిండ్లు వెనుకకు జరుగక తప్పదు. అందులకు మేము వ్యతిరేకులము కాము. కాని పడవకు నడిచి చేరలేని దూరమున స్థల మిచ్చిన, మనవారు పగలు క్రొత్తయింటను రాత్రి పాతగుడిసెలోను కాపురము చేయుదురు. విడిచిన యిసుకపై మన హక్కు నిలువనియెడల అది రేపు విహారశాలల పాలగును. చేపలు దించు తావులను, పల్లెకారుల యుమ్మడి స్థలములను తీరపటములలో చూపవలెనని 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటనలోనే కలదు. మీ పల్లె ఆ పటములో ఎట్లు గీయబడినదో మీలో ఎందఱు చూచితిరి?

కావున “రాతిగోడ” యను మాటకు మారుగా మూడు కోరికలను చేర్పవలెనని మా సవరణ: రేవున తీసిన యిసుకను ఉప్పాడ తీరమున పోయుట, తరలువారికి నడకదూరమున స్త్రీలపేరను గూడ పట్టాలతో నివేశనస్థలములు, విడిచిన యొడ్డు పల్లెయుమ్మడిగా నమోదు. ఈ వర్షాకాలమున కూలనున్న యిండ్లకు తాత్కాలికముగా బండలు వేయుట ఆపుమని మేము చెప్పము.

సవరణపై ఉప్పాడ ప్రతినిధులు మొదట మాటలాడవలెననియు, గోడకొనకు ఆవలి పల్లెవారు పిమ్మట మాటలాడవలెననియు అధ్యక్షులవారిని కోరుచున్నాము.