సైకిలు యాత్రకు ఏ కంప్యూటరు?

(నయాపూల్ దగ్గర జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు బకాయిల గురించి మాట్లాడటం మన ఆనవాయితీ. ఆ సంగతులన్నీ కార్యదర్శిగారు నాకంటే బాగా చెప్పారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుంటూ ఈ దినోత్సవం జరుపుకుంటున్నాం. పెన్షను ఎవరి దయా కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ హక్కుతోపాటు వచ్చిన తీరికను కొందరం సైకిలెక్కి ఖర్చు పెడుతున్నాం. వెంట ఏ కంప్యూటరు తీసుకువెళ్లాలి, సామాను ఎలా తగ్గించాలి అన్నది నాకు అప్పగించిన విషయం. నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు.

మన సభ్యుల్లో నలుగురైదుగురు నాగార్జునసాగర్ దాకా, బీదర్ దాకా తొక్కి వచ్చారు. బయలుదేరాలని ఉండి ఆగిపోయినవారు అంతకు మూడింతలు. నేను కనుక్కున్నంతలో మోకాళ్ల వల్ల ఆగినవారు తక్కువ. ఇంట్లోవాళ్లు ఒప్పుకోక ఆగినవారే ఎక్కువ. "ఈ వయసులో ఒంటరిగా రోడ్డు మీద ఏమిటండీ?" అని ఇంటావిడ అంటుంది. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఫోను చేసి అదే మాట ఇంగ్లీషులో అంటాడు. వాళ్ల భయాన్ని తీసిపారేయకూడదు. పొద్దుట ఎక్కడ బయలుదేరాం, మధ్యాహ్నం ఎక్కడున్నాం, రాత్రి ఎక్కడ పడుకున్నాం అన్నది వాళ్లకు తెలియాలి. అందుకని ఏదో ఒక యంత్రం మన సంచిలో ఉండక తప్పదు.

ఈ విషయంలో చాలా ముందుగా తల పెట్టినవాడు స్టీవెన్ రాబర్ట్స్ అనే అమెరికన్. 1983లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఇల్లు అమ్మేసి, వెనక్కి వాలి కూర్చుని తొక్కే రకం సైకిలు ఒకటి తయారు చేసుకుని బయలుదేరాడు. పత్రికలకు వ్యాసాలు రాయడం అతని వృత్తి. దారిలోనే రాయాలి, దారిలోంచే పంపాలి. అందుకు అతను తీసుకువెళ్లింది అదే ఏడాది రేడియో షాక్ దుకాణాల్లో అమ్మకానికి వచ్చిన మోడల్ 100 అనే చిన్న కంప్యూటరు. బరువు తక్కువే. తెర మీద ఎనిమిది వరుసలు, వరుసకు 40 అక్షరాలు. అంతే. కానీ నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే ఇంచుమించు 20 గంటలు నడిచేది. ఆ సెల్స్ ఏ ఊరి కొట్లోనైనా దొరుకుతాయి. రాసినదాన్ని రోడ్డు పక్క టెలిఫోను పెట్టె దగ్గర ఆగి తీగ మీద పంపేవాడు. అలా తొలి విడతలోనే 10,000 మైళ్లు, అంటే మన లెక్కలో 16,000 కిలోమీటర్లు తిరిగాడు.

తరువాతి కథ మనం జాగ్రత్తగా వినవలసింది. 1986లో రెండో బండి తయారు చేశాడు. తొక్కుతూనే టైపు చేయడానికి హ్యాండిల్లోనే మీటలు పెట్టుకున్నాడు. 1991కల్లా మూడోది వచ్చింది. దానికి 105 గేర్లు, అనేక కంప్యూటర్లు, హెల్మెట్‌లో ఒక తెర, సౌర ఫలకాలు. మొత్తం బరువు 580 పౌన్లు, అంటే 263 కిలోలు! మన బేగంబజారు తోపుడుబండి మీద సరుకంత. అది ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో ఉంది. అద్భుతమైన పనితనమే, కాదనను. కానీ ఎక్కువ దూరం తిరిగింది తేలికపాటి మొదటి బండే.

బరువు గురించి ఒక నిజం ముందే చెప్పాలి. 65 కిలోల మనిషి, 16 కిలోల సైకిలు, ఎనిమిది కిలోల సామాను కలిపితే 89. దానికి రెండు కిలోల ల్యాప్‌టాప్ చేరిస్తే చడావు ఎక్కే శ్రమ నూటికి రెండు వంతులు పెరుగుతుంది. లెక్క ప్రకారం అది పెద్ద భారమేమీ కాదు. అసలు చిక్కు ల్యాప్‌టాప్ ఒంటరిగా రాకపోవడం. పెళ్లికొడుకు వెంట బంధువర్గం వచ్చినట్టు దాని వెంట ఛార్జరు వస్తుంది, గట్టి పెట్టె వస్తుంది, వానకు కప్పడానికి కవరు వస్తుంది. అన్నిటికీ మించి బెంగ వస్తుంది. దారిలో టిఫిను తింటున్నా కన్ను సైకిలు మీదే ఉంటుంది. సత్రంలో స్నానానికి వెళ్లాలన్నా గది తాళం రెండుసార్లు లాగి చూసుకోవాలి. ఇవేవీ తూకంలో కనిపించవు.

కరెంటు లెక్క ఇంకా ముఖ్యం. మామూలు ఫోను బ్యాటరీలో 19 వాట్ అవర్ల దాకా పడుతుంది. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకులో ఉండేది 37. మార్గమధ్యంలో కొంత నష్టం పోను ఫోనును ఒకటిన్నర సార్లు నింపుతుంది. ల్యాప్‌టాప్‌కు 50 దాకా కావాలి. ఆ పవర్ బ్యాంకు దాని కడుపు పూర్తిగా నింపలేదు. రాబర్ట్స్ పెన్సిల్ సెల్స్‌లో ఉన్న తెలివి ఇక్కడ పట్టుకోవాలి. దారిలో ప్రతిచోటా దొరికేదాన్ని తాగి బతికే యంత్రాన్ని ఎంచుకున్నాడు. మనకు ప్రతి టీకొట్టులోనూ దొరికేది ఫోను ఛార్జరు. కాబట్టి ఫోను తీగతో ఛార్జి కాని ఏ వస్తువునూ సంచిలో పెట్టకూడదన్నది నా అభిప్రాయం.

చాలామందికి ఫోను, దానికి తోడు మడత పెట్టే చిన్న కీబోర్డు చాలు. కీబోర్డు 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. సాయంత్రం సత్రంలో కూర్చుని తెలుగులో రెండు పేజీలు రాసి, ఫోటోలతో సహా ఆ రాత్రే ఇంటికి పంపేయాలి. అలా పంపేస్తే ఫోను కాలవలో పడినా యాత్ర కథ పోదు. చిన్న తెర మీద అక్షరాలు ఆనవు అంటారు కొందరు. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. అలా కూడా కుదరనివారికి ట్యాబ్లెట్ ఉంది. మన హాల్లో ట్యాబ్లెట్ అంటే ముందు బి.పి. మాత్ర గుర్తొస్తుంది, నేను చెప్పేది పది అంగుళాల తెర ఉన్నది. తెలుగు పండితురాలిగా రిటైరైన మన సోదరి ఒకరు దాన్నే తీసుకువెళ్లి, రోజూ రాత్రి తన చిన్ననాటి ఊరి సంగతులు రాస్తున్నారు. పుస్తకం రాసేవారు, లెక్కల పట్టికలు చూడక తప్పనివారు ల్యాప్‌టాప్ తీసుకువెళ్లవచ్చు. అప్పుడు కిలోకు దగ్గరలో ఉండేది, లోపల తిరిగే డిస్కు లేనిది, టైప్ సి తీగతో ఛార్జి అయ్యేది చూడాలి. వెనుక క్యారేజి మీద కుదుపులకు పాతరకం డిస్కు తట్టుకోదు.

ఫోను వల్ల ఇంకో మేలుంది. చలికాలం మొదలయ్యే నవంబరు యాత్రకు మంచి నెల. మరి కేంద్ర పెన్షనర్లు జీవన ధ్రువపత్రం ఇచ్చేదీ ఆ నెలే! పూర్వం బ్యాంకు వరుసలో నిలబడి, మనం బతికే ఉన్నామని మనమే చూపించుకోవలసి వచ్చేది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్ర యంత్రం దగ్గరకు వెళ్లే పని ఉండేది. 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా పని పూర్తి చేయవచ్చు. మల్లేపల్లిలో చెట్టు కింద కూర్చుని ఆ పని ముగించి సాగర్ వైపు తొక్కవచ్చు. బయలుదేరేముందు ఇంట్లో ఒకసారి సరిచూసుకోండి, చాలు.

ఇక సామాను. రెండు జతల బట్టలు, ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో. రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరతాయి. మందులు మాత్రం తగ్గించవద్దు. యాత్ర రోజులకు సరిపడా, పైన మూడు రోజులకు అదనంగా పెట్టుకోండి. వాటి చీటీ, రెండో కళ్లజోడు కూడా. నీళ్లు మూడు లీటర్లంటే మూడు కిలోలు, కంప్యూటరు కంటే ఎక్కువ. అయినా అవి ఉండాల్సిందే. పాతరకం సైకిలు ట్యూబులు ప్రతి మండల కేంద్రంలోనూ దొరుకుతాయి. సన్న టైర్ల గేరు సైకిలుకు దొరకవు, ట్యూబూ గాలిపంపూ వెంట ఉండాలి. పిల్లలు కొనిచ్చిన సైకిలైతే వాల్వు చూసుకోండి, సన్నని వాల్వుకు పల్లెటూరి పంపు పట్టదు. నాణ్యమైన ప్లాస్టిక్ కవర్లు ఇక్కడే బేగంబజారులో దొరుకుతాయి. ఫోను, పవర్ బ్యాంకు, పేపర్లు వేర్వేరు కవర్లలో వేసి మూతి బిగించండి. ఎండలో ఫోనును హ్యాండిలు మీద బిగించి ఛార్జి పెట్టవద్దు. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగు చెరుపు. చలికాలంలో కూడా మధ్యాహ్నం నల్లటి ఫోను ఎండలో కాలిపోతుంది, నీడలోనే ఛార్జి పెట్టండి.

ఒక కాగితం మీద ఇంటి నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోను తాళం తెరవడం దారిన పోయే మనిషికి చేతకాదు. కాగితం ఎవరైనా చదువుతారు.

చివరగా ఒక ఏర్పాటు. వచ్చే ఆదివారం పొద్దున అయిదున్నరకు ఈ హాలు ముందు కలుద్దాం. యాత్రకు తీసుకువెళ్లాలనుకున్న సామాను మొత్తం సైకిలుకు కట్టుకుని రండి. నేను కాటా తెస్తాను, ఎవరి సంచి ఎంతో తూచి రాసుకుందాం. అక్కడి నుంచి మూసీకి ఎగువగా హిమాయత్‌సాగర్ దాకా వెళ్లి వద్దాం. 1908 వరద తరువాత నగరాన్ని కాపాడటానికి కట్టిన చెరువుల్లో అది 1927లో పూర్తయింది. గట్టు మీద కూర్చుని సంచులు విప్పి, దారిలో ఒక్కసారైనా చేయి పెట్టని వస్తువులేవో చూద్దాం. ఇంట్లోవాళ్లను కూడా ఆటోలో రమ్మనండి. ఫోనులో మన చుక్క కదులుతూ కనబడటం వాళ్ల కళ్లతో వాళ్లు చూస్తారు. పులిహోర బాధ్యత కోశాధికారిగారిది.